పాత యాటకై ప్రజల విన్నపము

"క్రొత్త యొక వింత, పాత యొక రోత" యని మనవారు సామెత చెప్పుదురు. కాని వీడియో ఆటల లోకమున నీ సామెత తలక్రిందైన సందర్భములు పెక్కులు గలవు. నెలనెలకు క్రొత్త యాటలు వెలువడుచున్నను, లక్షలకొలది జనులు తమకు పాతదే కావలయునని కంపెనీలవారిని వేడుకొనుచున్నారు. ఈ కోరిక యేల పుట్టుచున్నది, అది తీరుట యేల కష్టము అను విషయములను ఒక యుదాహరణముతో నిచట వివరింతుము.

మొదట గ్రంథమునకును వీడియో ఆటకును గల భేదమును గ్రహింపవలయును. నూరేండ్ల క్రిందట అచ్చయిన పుస్తకమును అక్షరములు వచ్చిన వారెవరైనను నేడు చదువవచ్చును. ఆట యట్టిది గాదు. ఏ యంత్రమునకై యది రచింపబడెనో సాధారణముగా ఆ యంత్రమున్ననే నడచును. యంత్రము మూలబడినచో డిస్కు చేతనున్నను ప్రయోజనము లేదు. అంతర్జాలముద్వారా వేలమంది కూడి యాడునట్టి యాటల స్థితి మరింత దుర్బలము. ఆ లోకమంతయు కంపెనీవారి సర్వర్లలో నుండును. వారు మార్చిన మారును, ఆపిన ఆగును.

అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన బ్లిజార్డు కంపెనీ 2004 నవంబరులో "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అను నాటను వెలువరించెను. ఆటగాడు నెలనెల రుసుము చెల్లించి, ఒక వీరుని రూపము దాల్చి, విశాలమగు కల్పితలోకమున సంచరించును. తొలినాళ్లలో నా లోకమున ప్రయాణము దీర్ఘము, శ్రమ యధికము. కొన్ని మహాభూతములను జయించుటకు నలువదిమంది యొక్కటిగా పోరాడవలసి యుండెను. ఈ కష్టమువలననే యాటగాండ్ర నడుమ స్నేహము లేర్పడెను. క్రమముగా కంపెనీవారు సౌకర్యములను పెంచిరి. 2010 నవంబరులో పాత ప్రదేశములనే చాలవరకు మార్చివేసిరి. జనులు తాము తిరిగిన త్రోవలను, ఊళ్లను మరల చూడగోరినను, రుసుము చెల్లించినను, పూర్వపు టాట దొరకకపోయెను.

అభిమానులు పాత యాటను మరల నడుపుడని యడుగుచునే యుండిరి. 2013లో కంపెనీ యధికారి యొకరు, మీరు దానిని కోరుచున్నామని తలంచుచున్నారే గాని నిజమునకు కోరుట లేదని బహిరంగసభలో బదులు చెప్పెను. 2015లో కొందరభిమానులు "నోస్టాల్రియస్" అను పేర తామే పాత యాటను ఉచితముగా నడుపసాగిరి. దీనికి కంపెనీ యనుమతి లేదు. కనుక న్యాయవాదుల తాఖీదు రాగా, 2016 ఏప్రిలులో దానిని మూసివేసిరి. చట్టము కంపెనీ పక్షముననే యున్నది. కాని జనుల కోరిక యెంత నిజమైనదో ఆ మూసివేతతోనే వెల్లడియయ్యెను. రెండున్నర లక్షలకు మించిన సంతకములతో నొక మహజరు కంపెనీ యధ్యక్షునకు చేరెను. కంపెనీవారు నోస్టాల్రియస్ నిర్వాహకులను పిలిపించి మాటలాడిరి. తుదకు 2017 నవంబరులో, పాత యాటను తామే నడుపుదుమని ప్రకటించిరి.

ప్రకటించిన వెంటనే విడుదల చేయవచ్చును గదా యని కొందరికి తోచవచ్చును. ఆటలో ముఖ్యముగా రెండు భాగములుండును. ఏ భూతమునకెంత బలము, ఏ వస్తువెచట దొరకును అను వివరములు మొదటి భాగము. ఆ వివరములను చదివి యాటను నడుపు నాజ్ఞలు రెండవ భాగము. కంపెనీవారియొద్ద 2006 నాటి వివరములు భద్రముగా నుండెను. పాత యాజ్ఞలను యథాతథముగా వాడినచో, మోసగాండ్రను అరికట్టుటకు పదేండ్లుగా చేసిన యేర్పాటులును, దిద్దిన దోషములును వృథాయగును. అందుచే నేటి యాజ్ఞలచేత నాటి వివరములను చదివించు మార్గమును అవలంబించిరి. పాత్ర పురాతనమే, దానిని నిలిపిన పీఠము క్రొత్తదన్నమాట. 2019 ఆగస్టులో పాత యాట మరల వెలువడగా, లోన ప్రవేశించుటకై జనులు గంటలకొలది వేచియుండిరి.

అన్ని యాటలకు నీ భాగ్యము కలుగుట లేదు. 2000లో వెలువడిన "నో వన్ లివ్స్ ఫరెవర్" అను నాటను పునర్ముద్రింప బూనినవారు, దాని హక్కు ఏ కంపెనీదో తేలక విరమించుకొనిరి. "కింగ్‌డమ్ హార్ట్స్" అను నాటకు మూలరచనయే పోగా, 2013 నాటి ప్రతికై పెక్కు భాగములను మరల నిర్మింపవలసి వచ్చెను. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన యాటలలో నూటికి 87 అంగడిలో దొరకుట లేదని 2023లో నొక పరిశోధన తేల్చెను.

కాబట్టి యీ విన్నపములను కేవలము బాలచాపల్యమని త్రోసివేయరాదు. ఆట యొకరి సొత్తే; కాని దానిలో వేలమంది గడపిన కాలము ఆ యొకరిది మాత్రమే గాదు. మూలప్రతిని భద్రపరచుట యజమానుని విధి. అది నశింపకమున్నే అడుగుట యభిమానుల విధి. భద్రపరచినవారు లేనిచోట లక్ష సంతకములును నిష్ఫలములు. అడుగువారు లేనిచోట భద్రపరచినదియు బీరువాలోనే మూలుగుచుండును.