దూరదేశంలో డాక్టరు చదువు: ఫీజు అడిగాం, భాష అడిగామా?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, మా ఊళ్ళో వెల్డింగ్ షాపు నడుపుకునే ఒక పెద్దమనిషి నా కోసం అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో రంగురంగుల కరపత్రం. సలాం అయ్యాక అసలు మాట బయటపెట్టారు.

"మౌల్వీ సాబ్, మా అమ్మాయి నీట్ పాసయింది. కానీ గవర్నమెంటు సీటు వచ్చే ర్యాంకు కాదు. ప్రైవేటు కాలేజీ ఫీజు నా వల్ల అయ్యే పని కాదు. ఏజెంటు బుఖారాకు పంపిద్దాం అంటున్నాడు. బుఖారా అంటే మన ఇమామ్ బుఖారీ గారి ఊరే కదా? ముసల్మానుల దేశం, హలాల్ తిండి. ఇంక భయమేముంది? ప్లాటుకు బేరం కూడా కుదిరింది. మీరొక్క మాట చెబితే అడ్వాన్సు కట్టేస్తాను."

ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ఆ ఊళ్ళ పేర్లు నాకు కొత్తవి కావు. మదర్సాలో మేము చదివిన 'హిదాయా' గ్రంథకర్త మర్గీనానీ పుట్టింది ఆ ప్రాంతంలోనే. ఇమామ్ బుఖారీ సమాధి సమర్ఖండ్ సమీపంలో ఉంది. ఇమామ్ తిర్మిజీ ఊరు తిర్మిజ్ కూడా ఆ దేశంలోదే. అయితే నాకు తెలిసింది వెయ్యేళ్ళ నాటి బుఖారా. ఆయన కూతురు వెళ్ళవలసింది నేటి బుఖారాకు. అందుకే మూడు వారాలు గడువు అడిగాను. ఆ మూడు వారాల్లో అక్కడ చదివి వచ్చిన పిల్లలను కలిశాను, నిబంధనలు చదివించుకుని విన్నాను. తెలుసుకున్న సంగతులు ఇంకా ఎన్నో ఇళ్ళకు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఆ దేశాలు, ఆ కాలేజీలు

ఉజ్బెకిస్తాన్, కిర్గిజిస్తాన్ రెండూ మధ్య ఆసియా దేశాలు. 1991 వరకు సోవియట్ యూనియన్‌లో భాగాలు. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు విమానంలో సుమారు మూడు గంటల ప్రయాణం. అమెరికా, ఇంగ్లండ్, గల్ఫ్ దేశాల గురించి మన ఇళ్ళలో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఈ దేశాల గురించి చెప్పగలవారు తక్కువ. ఏజెంటు చెప్పిందే వేదవాక్కు కావడానికి కారణం ఇదే.

అక్కడి కాలేజీలన్నీ నిన్న మొన్న వెలిసినవి కావు. సమర్ఖండ్ వైద్య విద్యాసంస్థ 1930లో, బిష్కెక్‌లోని ప్రభుత్వ వైద్య అకాడమీ 1939లో మొదలయ్యాయి. బుఖారాలోని ప్రభుత్వ వైద్య విద్యాసంస్థకు ఇబ్న్ సీనా పేరు పెట్టారు. క్రీ.శ. 980లో బుఖారా దగ్గరి పల్లెలో పుట్టిన ఆ మహావైద్యుడు రాసిన 'అల్ ఖానూన్' శతాబ్దాల పాటు ఐరోపాలో పాఠ్యగ్రంథం. మన చార్మినార్ పక్కన ఉన్న యునానీ దవాఖానాలో చేసే వైద్యానికి కూడా మూలపురుషుల్లో ఆయన ఒకరు. కనుక ఆ నేలతో మనకు సంబంధం లేకపోలేదు. కాని పాత ప్రభుత్వ కాలేజీల పక్కనే కొత్త ప్రైవేటు కాలేజీలు ఎన్నో వచ్చాయి. కరపత్రంలో రెండూ ఒకేలా మెరుస్తాయి.

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై ఉక్రెయిన్ నుంచి మన విద్యార్థులు వేలాదిగా తిరిగి రావలసి వచ్చాక, చాలా కుటుంబాల చూపు ఈ దేశాల వైపు మళ్ళింది. తొందర కూడా పెరిగింది.

మన చట్టం ఏమంటుంది?

విదేశంలో ఎం.బి.బి.ఎస్. చదవాలన్నా 2018 నుంచి నీట్‌లో అర్హత తప్పనిసరి. "నీట్ అక్కర్లేదు" అనే మాట వినపడితే అక్కడి నుంచి లేచి రావడం మేలు.

నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, అంటే నాలుగున్నరేళ్ళు ఉండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి. సగం ఒక కాలేజీలో, సగం మరో దేశంలో అంటే చెల్లదు. చేరిన నాటి నుంచి పదేళ్ళలోపు అంతా ముగియాలి. ఆ డిగ్రీతో ఆ దేశ పౌరుడు తన దేశంలో డాక్టరుగా పనిచేయగలిగి ఉండాలి. ఆ దేశంలో చెల్లని డిగ్రీ ఇక్కడా చెల్లదు. తిరిగి వచ్చాక స్క్రీనింగ్ పరీక్ష ఉంటుంది. అందులో 300 ప్రశ్నలకు 150 మార్కులు రావాలి. ఆ తర్వాత మన దేశంలోనూ 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటుంది.

ఈ స్క్రీనింగ్ పరీక్ష దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో పరీక్ష రాసిన ప్రతి నలుగురైదుగురిలో సుమారు ఒకరే గట్టెక్కారు. ఈ మాట ఏ కరపత్రంలోనూ కనిపించదు.

ఇంకొక మాట. "కమిషన్ ఆమోదించిన కాలేజీ" అని ఏజెంట్లు చెబుతుంటారు. విదేశీ కాలేజీలకు ఆమోదం ఇచ్చే జాబితా ఏదీ కమిషన్ దగ్గర లేదు. నిబంధనలకు సరిపోతుందో లేదో చూసుకోవలసిన బాధ్యత విద్యార్థిదే. పైగా 2025లో ఉజ్బెకిస్తాన్‌లోని ఒక కాలేజీతో సహా కొన్ని విదేశీ సంస్థల విషయంలో కమిషనే హెచ్చరిక జారీ చేసింది. డబ్బు కట్టే ముందు కమిషన్ వెబ్‌సైటులోని ప్రకటనలన్నీ చదివించుకోవాలి.

రోగి మంచం దగ్గర

నేను కలిసినవారిలో ఒక అబ్బాయి ఆరేళ్ళు అక్కడ ఉండి వచ్చాడు. నాలుగుసార్లు స్క్రీనింగ్ పరీక్ష రాశాడు. ఇప్పుడు ఒక మందుల షాపులో కూర్చుంటున్నాడు. తండ్రి అమ్మిన పొలం గురించి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. చదువు ఎలా చెప్పారని మాత్రం అడిగాను.

"పాఠం ఇంగ్లీషులోనే చెప్పారు సార్. మూడో ఏడు నుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రోగికి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. కడుపునొప్పి ఎప్పటి నుంచి అని అడగడం కూడా రాదు. గోడకు ఆనుకుని నిలబడి వచ్చేవాళ్ళం. హాస్టల్లో అందరం తెలుగువాళ్ళమే, మెస్సు కూడా మనదే. ఆరేళ్ళలో భాష నేర్చుకునే అవసరమే రాలేదు" అన్నాడు.

అతని తలదించుకున్న ముఖం నన్ను చాలా రోజులు వదలలేదు. పుస్తకంలో జబ్బు పేరు చదవడం వేరు, జబ్బుమనిషితో మాట్లాడి తెలుసుకోవడం వేరు. ఏ నొప్పి ముందు వచ్చింది, ఏ మందు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగలేని విద్యార్థికి ఇంటర్న్‌షిప్ సంవత్సరమంతా హాజరు పట్టీలోనే మిగిలిపోతుంది. బోధన ఇంగ్లీషులో ఉండాలని చట్టం చెప్పింది. రోగి ఇంగ్లీషులో మూలగాలని ఏ చట్టం చెప్పగలదు?

మనకు సగం వచ్చిన భాష

మరొక అమ్మాయి సమర్ఖండ్‌లో చదివి, రెండోసారికే పరీక్ష గట్టెక్కి ఇప్పుడు ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్నది. ఆమె చెప్పిన సంగతి విని నాలోని ఉర్దూ పంతులు ఉలిక్కిపడ్డాడు.

ఉజ్బెక్ భాషలో రోగిని 'బేమోర్' అంటారు, మన బీమార్. ఆస్పత్రి 'షిఫోఖానా', మన షిఫాఖానా. మందు 'దోరి', మన దారూ. ప్రశ్న 'సవోల్', జవాబు 'జవోబ్', పుస్తకం 'కితోబ్', బడి 'మక్తబ్', రొట్టె 'నోన్', అతిథి 'మెహ్‌మోన్'. ధన్యవాదాలు చెప్పాలంటే 'రహ్మత్'. మన 'ఆ' వాళ్ళ నోట చాలాచోట్ల 'ఓ' అవుతుంది, అంతే. కిర్గిజ్ భాషలో ఈ పోలిక కొంత తక్కువ. అది రష్యన్ లిపిలో రాస్తారు. పట్టణ ఆస్పత్రుల్లో రష్యన్ కూడా వినపడుతుంది.

పదాలు కలిసినంత మాత్రాన భాష వచ్చినట్టు కాదు. వాక్యం కట్టే తీరు తురుష్క భాషలది. కానీ ఉర్దూ ఇంట పుట్టిన పిల్లకు తలుపు సగం తెరిచే ఉంది. "మొదటి ఏడాది రోజుకు పది మాటలు రాసుకున్నాను అంకుల్. నర్సులతో, ఆయమ్మలతో మాట్లాడాను. నవ్వేవాళ్ళు. నవ్వుతూనే నేర్పారు" అన్నది ఆ అమ్మాయి.

ఈ విషయంలో మనకు దారి చూపినవాడు కూడా ఆ నేలవాడే. నేటి ఉజ్బెకిస్తాన్‌లోని ఖ్వారిజ్మ్‌లో క్రీ.శ. 973లో పుట్టిన అల్ బీరూనీ మన దేశం గురించి రాయాలనుకున్నప్పుడు ముందు సంస్కృతం నేర్చుకున్నాడు. పండితులను అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాతే 'కితాబుల్ హింద్' రాశాడు. మన దేశాన్ని తెలుసుకోవడానికి ఆయన మన భాష నేర్చుకుంటే, వాళ్ళ దేశంలో డిగ్రీ తెచ్చుకోవడానికి మన పిల్లలు వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకోలేరా?

మహల్లా సేవ

అక్కడ కూడా వీధిని 'మహల్లా' అనే అంటారు. ఒకరి ఇల్లు కట్టాలన్నా, కాలువ పూడిక తీయాలన్నా మహల్లా వాళ్ళంతా కూలి లేకుండా కలిసి పనిచేసే ఆచారం ఉంది. ఉజ్బెక్‌లో దాన్ని 'హషర్' అంటారు, కిర్గిజ్‌లో 'అషర్'. సమర్ఖండ్ అమ్మాయి ఒక ఆదివారం హాస్టలు పక్క వీధిలో జరిగిన అలాంటి పనికి వెళ్ళిందట. చెట్లు నాటారు, కలిసి పలావు తిన్నారు. "ఆ ఒక్క రోజు నేర్చుకున్న మాటలు నెల రోజుల క్లాసులో నేర్చుకోలేదు" అన్నది. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు ఇలాంటి సేవలో కాలేజీకి చెప్పి పాల్గొనడం మంచిదే. అయితే విద్యార్థి వీసా మీద వెళ్ళి అనుమతి లేకుండా జీతానికి పనిచేస్తే చదువుకే ముప్పు రావచ్చు. ఆ తేడా పిల్లలకు ముందే చెప్పి పంపాలి.

భద్రత మాట

ముస్లిమ్‌లు అధికంగా ఉన్న దేశం కనుక మన పిల్లలకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద అల్లరి మూకలు దాడి చేశాయి. బాధితుల్లో ముస్లిమ్ విద్యార్థులూ ఉన్నారు. మన రాయబార కార్యాలయం విద్యార్థులను గదులు దాటి రావద్దని కోరింది. దీనికి ఆ దేశ ప్రజలందరినీ నిందించడం న్యాయం కాదు. కానీ వెళ్ళిన వెంటనే రాయబార కార్యాలయం ఫోను నంబరు దగ్గర పెట్టుకోవడం, విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోవడం తప్పక చేయాలి.

అడ్వాన్సు కట్టే ముందు

మూడు వారాల తర్వాత వెల్డింగ్ షాపు పెద్దమనిషి మళ్ళీ వచ్చారు. ఈసారి అమ్మాయి కూడా వెంట వచ్చింది. నేను చెబుతుంటే ఆ పిల్లే ఒక కాగితం మీద రాసుకుంది:

కోర్సు ఎన్ని నెలలు? రాతపూర్వకంగా ఇస్తారా?

ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో? అందులో ఎన్ని పడకలు?

ఈ డిగ్రీతో ఆ దేశస్థులకు అక్కడ లైసెన్సు వస్తుందా?

ఆ దేశ భాష ఎన్ని గంటలు నేర్పుతారు? ఎవరు నేర్పుతారు?

గత మూడేళ్ళలో అక్కడ చదివి స్క్రీనింగ్ పరీక్ష పాసైన ఇద్దరితో మాట్లాడించగలరా?

మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగి వస్తుంది?

ఆ కాగితం పట్టుకుని తండ్రీకూతుళ్ళు ఏజెంటు దగ్గరికి వెళ్ళారు. మొదటి మూడింటికి జవాబులు వచ్చాయి. భాష ప్రశ్నకు ఆయన నవ్వి, "అదంతా వెళ్ళాక అదే వస్తుందమ్మా" అన్నాడట. పాసైన ఇద్దరి ఫోను నంబర్లు మాత్రం ఎంత అడిగినా రాలేదు.

ప్లాటు ఇంకా అమ్మలేదు. అమ్మాయి ఇప్పుడు మరొక ప్రభుత్వ కాలేజీకి స్వయంగా ఉత్తరం రాసి జవాబు కోసం చూస్తున్నది. ఈలోగా సాయంత్రాలు మా ఇంటికి వచ్చి ఉజ్బెక్ మాటలను నా ఉర్దూతో పోల్చి నోటుపుస్తకంలో రాసుకుంటున్నది. నాకు ఆ భాష రాదు. ఆమెతో పాటు నేనూ నేర్చుకుంటున్నాను. వెళ్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. వెళ్తే మాత్రం ఆ పిల్ల రోగి మంచం దగ్గర గోడకు ఆనుకుని నిలబడదు.