కోడి రొప్పితే తెగులేనా?

రోహిణి కార్తెలో మనం గొడుగు లేకుండా గడప దాటం. పెరట్లోని కోడికీ, గేదెకూ, సొరపాదుకూ మాత్రం ఎవరో చెప్పగా విన్న మాటల ప్రకారమే సాయం చేస్తుంటాం. వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: మధ్యాహ్నం కోడి నోరు తెరిచి రొప్పుతోందంటే కొక్కెర తెగులే.

వాస్తవం: కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఎండ ముదిరితే రొప్పుతూ, రెక్కలు ఎడంగా పెట్టి ఆ వేడిని వదిలించుకుంటుంది. పొద్దు వాలాక రొప్పు తగ్గిందంటే చాలావరకు అది ఎండ బాధే. చల్లపూట కూడా రొప్పుతున్నా, పచ్చగా పారుకుంటున్నా, మెడ మెలి తిరుగుతున్నా తెగులని అనుమానించి పశువైద్యుడికి చూపించాలి. ఈ తేడా తెలియక రొప్పే కోడిని గంప కింద మూసి పెడతారు. గాలాడక అది సొమ్మసిల్లుతుంటే చూడలేం. దానికి కావలసింది చెట్టు నీడ, మట్టి మూకుడులో చల్లటి నీళ్లు. మరీ నీరసిస్తే కాళ్లు మామూలు చన్నీళ్లలో తడపండి, ఐసు నీళ్లు వద్దు. గింజలు తెల్లవారుజామున, సాయంత్రం వేయండి. మేత అరిగేటప్పుడు కూడా ఒళ్లు వేడెక్కుతుంది.

వేసవిలో గుడ్డు పెంకు పలచబడితే ముసలిదైందని కోడిని కోసేసేవాళ్లూ ఉన్నారు. రొప్పినకొద్దీ ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, పెంకు కట్టే కార్బొనేట్ తగ్గుతుంది. వయసుతో పని లేకుండా లేత పెట్టకైనా ఇదే జరుగుతుంది.

అపోహ: గేదెది మొద్దు తోలు, ఎండ ఏం చేస్తుంది?

వాస్తవం: ఆవుతో పోలిస్తే గేదెకు చెమట గ్రంథులు బాగా తక్కువ. పైగా నల్లతోలు ఎండను పీల్చుకుంటుంది. అందుకే చెరువులోంచి లేవనంటుంది. చెరువు లేనిచోట పగటిపూట రెండు మూడుసార్లు ఒళ్లు తడపాలి. ఎండాకాలం ఎదకు రాలేదని గొడ్డుదనుకుని సంతకు తోలడం అన్యాయం. ఈ రోజుల్లో లక్షణాలు పైకి తెలియని మూగ ఎద ఎక్కువ. రాత్రిపూట, తెల్లవారుజామున కనిపెట్టి చూడాలి.

అపోహ: పాదు వాడిందంటే నీళ్లు చాలనట్టే.

వాస్తవం: సొర, గుమ్మడి లాంటి పెద్దాకుల పాదులు మట్టి తడిగా ఉన్నా మిట్టమధ్యాహ్నం వేలాడతాయి. వేరు తోడేదానికన్నా ఆకు ఆవిరి చేసేది ఎక్కువ. సాయంత్రానికి నిక్కితే వదిలేయండి. తెల్లారినా వాలే ఉంటే, మట్టిలోకి వేలు రెండంగుళాలు దింపినా తడి తగలకపోతే, అప్పుడు పొద్దున్నే పాదంతా నానేలా పోయండి. మొదట్లో వరిగడ్డి పరిస్తే ఆ తడి నిలుస్తుంది. వాడినప్పుడల్లా పోస్తే వేరు కుళ్లుతుంది.

నీటిబొట్టు భూతద్దంలా ఆకును కాలుస్తుందన్న భయమూ అక్కర్లేదు. నున్నటి ఆకుల మీద అలా జరగదని 2010లో హంగరీ శాస్త్రవేత్తలు తేల్చారు. నూగు ఉన్న ఆకుల సంగతి కొంత వేరు.

ఇక అన్ని మొక్కలకూ పచ్చవల కప్పేవాళ్లకు ఒక మాట: మల్లెను వదిలేయండి. దానికి ఎండే కావాలి. నీడలో ఆకు వేస్తుంది గానీ మొగ్గ తొడగదు.