వైజ్ఞానిక, అద్భుత కల్పనా కవిత్వమునకు ప్రకటన మార్గములు

కావ్యరచన యొక కార్యము. కావ్యప్రకటన వేఱొక కార్యము. రెండవదానికి తగిన త్రోవ లేనిచో మొదటిది నిష్ఫలమగునని మన పూర్వకవులు ఎఱుగుదురు. పదునాఱవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయమును రచించెను. ఒకరి రూపమును మఱియొకరు దాల్చుట, ఒక కథ కడుపులో వేఱొక కథ దాగియుండుట మున్నగు అపూర్వకల్పనలతో నిండిన ఆ ప్రబంధమునకు నంద్యాల కృష్ణరాజు కృతిభర్త అయ్యెను. కృతిభర్త, సభ, వ్రాయసకాండ్రు, ఇవియే ఆనాటి ప్రకటన సాధనములు. అద్భుతకల్పన తెలుగునకు క్రొత్త కాదు. దానిని లోకమునకు చేర్చు త్రోవ మాత్రము కాలమునుబట్టి మాఱుచుండును.

శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు చెన్నపట్టణపు మేడలమీదినుండి కనబడును. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతమున దిగినది. ఆ వార్త విని ఉప్పొంగిన విద్యార్థి చంద్రలోకవాసమును ఊహించి తెలుగున ఒక గేయము వ్రాసెననుకొందము. బళ్ళారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను, యానాములోనైనను తెలుగు ఉపాధ్యాయుని ముందు నిలుచు ప్రశ్న యొకటే: దీనిని ఎచ్చటికి పంపవలెను? తెలుగు పండుగనాటి పాటలకును, తాతలనాటి స్మృతులకును పరిమితమైన భాషగా మిగులునో, రానున్న లోకమును ఊహింపగల భాషగా నిలుచునో అనునది కొంతవఱకు ఈ ప్రశ్నకు లభించు సమాధానముపై ఆధారపడియున్నది.

ఈ కవిత్వపు లక్షణము

గ్రహముల పేర్లను పద్యమున కూర్చినంతమాత్రమున అది వైజ్ఞానిక కల్పనా కవిత్వము కాజాలదు. శాస్త్రము సంభవమని చెప్పిన, లేదా అసంభవమని త్రోసివేయజాలని యొక స్థితిని గ్రహించి, అందు మనుష్యుని హృదయము ఎట్లుండునో చూపుట దాని లక్షణము. అద్భుత కల్పనకు శాస్త్రముతో పని లేదు. అయినను తాను పెట్టుకొన్న నియమమును తాను తప్పరాదు.

స్వీడను దేశపు కవి హారీ మార్టిన్‌సన్ 1956లో ప్రకటించిన అనియారా కావ్యము ఇందులకు చక్కని ఉదాహరణము. భూమిని విడిచి అంగారక గ్రహమునకు బయలుదేఱిన యొక నౌక దారి తప్పి, మరలివచ్చు ఉపాయము లేక అనంతాకాశమున సాగిపోవుట అందలి ఇతివృత్తము. 103 గీతములు గల ఆ కావ్యము 1959లో సంగీతరూపకమై రంగస్థలమునకు ఎక్కినది. మార్టిన్‌సన్ 1974లో నోబెలు బహుమానమును స్వదేశీయుడైన మఱియొక రచయితతో పంచుకొనెను. తాతముత్తాతల ఊరు విడిచి పరప్రాంతమున తరతరములుగా స్థిరపడినవారికి ఆ నౌకలోని ప్రయాణికుల దిగులు పరాయిదిగా తోపదు.

ఒక సంఘము చేసిన పని

ఇంగ్లీషు భాషలో సైతము ఇట్టి కవిత్వమునకు చాలకాలము ప్రత్యేకస్థానము లేకుండెను. కథాపత్రికలలో కథ ముగిసినచోట మిగిలిన ఖాళీని నింపుటకు తఱచుగా పద్యములను వాడుచుండిరి. 1978లో అమెరికాలో సుజెట్ హేడెన్ ఎల్గిన్ అను భాషాశాస్త్రవేత్త వైజ్ఞానిక కల్పనా కవిత్వ సంఘమును స్థాపించెను. స్త్రీల అనుభవములను వ్యక్తపఱచుటకై లాదన్ అను నూతన భాషనే నిర్మించిన విదుషి ఆమె.

ఆ సంఘము స్టార్‌లైన్ అను పత్రికను నడపినది. రిస్లింగ్ పేరిట వార్షిక పురస్కారమును నెలకొల్పినది. పురస్కారమునకు ప్రతిపాదింపబడిన కవితలను సంపుటములుగా ప్రకటించినది. రిస్లింగ్ అనువాడు రాబర్ట్ హైన్‌లైన్ 1947లో వ్రాసిన కథలోని పాత్ర. ఆకాశనౌకలలో తిరుగుచు పాటలు కట్టిన అంధకవి. సభ్యులే కవితలను ప్రతిపాదింతురు, సభ్యులే వోటు వేయుదురు. పది పంక్తులకు మించని కవితలకు 2006లోను, కవితాసంపుటములకు 2013లోను వేఱు పురస్కారములు ఏర్పడినవి. 2017లో సంఘము తన పేరున అద్భుత కల్పననుకూడ చేర్చుకొన్నది. ఈ సాహిత్యమున ప్రఖ్యాతమైన హ్యూగో పురస్కారములలో ఉత్తమ కవితకు 2025లో ప్రత్యేకముగా ఒక బహుమానము ఏర్పాటైనది. సంఘము పుట్టిన 47 సంవత్సరములకు లభించిన గౌరవమిది.

పత్రికలు ఎన్ని విధములు

ఇంగ్లీషున ఈ కవిత్వమును ప్రకటించు పత్రికలు మూడు విధములు. ఈ కవిత్వమునకే ప్రత్యేకించిన చిన్న పత్రికలు మొదటి విధము. స్టార్‌లైన్ ఇట్టిది. వీనిలో పారితోషికము స్వల్పము. కాని చదువువారందఱు రుచి తెలిసినవారు. కథలతోపాటు కవితలను స్వీకరించునవి రెండవ విధము. 1977లో పుట్టిన అసిమోవ్స్ పత్రికయు, 2000లో అంతర్జాలమున ఆరంభమైన స్ట్రేంజ్ హొరైజన్స్ పత్రికయు ఈ కోవలోనివి. సామాన్య సాహిత్యపత్రికలు, ప్రచురణసంస్థలు మూడవ విధము. అమెరికా కవయిత్రి ట్రేసీ కె. స్మిత్ 2011లో వెలువరించిన లైఫ్ ఆన్ మార్స్ అను సంపుటమునకు 2012లో పులిట్జరు బహుమానము వచ్చినది. ఆమె తండ్రి హబుల్ దూరదర్శినికై పనిచేసిన ఇంజనీరు. తండ్రిమరణమును, విశ్వవైశాల్యమును కలిపి చూచిన ఆ కవితలను సామాన్య పాఠకులే ఆదరించిరి.

తెలుగువారు తెలిసికొనదగిన త్రోవ మఱియొకటి కలదు. స్ట్రేంజ్ హొరైజన్స్ వారు 2017లో సమోవార్ అను అనుబంధ పత్రికను ఆరంభించిరి. అనువాదములకే ప్రత్యేకించిన ఆ పత్రికయందు ఇంగ్లీషు అనువాదముతోపాటు మూలరచననుకూడ దాని భాషలోనే ప్రకటించు పద్ధతి నెలకొల్పబడినది. ఇట్టి పద్ధతివలన మూలభాష మఱుగున పడదు.

వెదకు విధము, పంపు విధము

పత్రికల జాబితాలకు మొదట పైని చెప్పిన కవిత్వసంఘపు జాలస్థలమును చూడవలెను. 2013లో ఏర్పడిన సబ్మిషన్ గ్రైండర్ అను జాబితా ఉచితముగా లభించును. ఏ పత్రిక ఎన్నిదినములకు బదులిచ్చుచున్నదో రచయితలు తెలిపిన వివరములును అందుండును. డ్యూయోట్రోప్ అను జాబితాకు చందా చెల్లింపవలెను. జాబితా దారిచూపునది మాత్రమే. రచన పంపుటకు ముందు పత్రిక తానే ప్రకటించిన నియమములను ఆనాడే మఱల చదువవలెను. ఏలయనగా చిన్న పత్రికలు పుట్టినంత త్వరగా నిలిచిపోవుటయు కలదు.

గమనింపవలసిన నియమములు కొన్ని కలవు. పెక్కు పత్రికలు సంవత్సరమున కొన్ని నెలలలోనే రచనలను స్వీకరించును. ఒకే కవితను ఏకకాలమున ఇరువురికి పంపుటను కొందఱు అంగీకరింతురు, కొందఱు నిషేధింతురు. అందఱును చూడగల పుటలో ముందే ఉంచిన కవితను పూర్వప్రచురితముగా ఎంచు సంపాదకులు పలువురు. ప్రథమప్రచురణ హక్కును మాత్రమే ఇచ్చుట ఒకటి, సర్వహక్కులను వదలుకొనుట వేఱొకటి. ఒప్పందమున ఏది వ్రాసియున్నదో చూడక సమ్మతింపరాదు. అనువాదము పంపునపుడు మూలరచయిత అనుమతి తప్పనిసరి. సంపుటమున కవిత చేర్చుటకు కవినే ధనమడుగువారి విషయమున, విద్యార్థులను ముఖ్యముగా, హెచ్చరింపవలెను. కవిత తిరిగివచ్చుట అవమానము కాదు. పంపిన తేది, బదులువచ్చిన తేది ఒక పుస్తకమున వ్రాసికొని, దానిని వేఱొకచోటికి పంపుటయే కర్తవ్యము.

తెలుగున త్రోవ

తెలుగున ఈ కవిత్వమునకే వెలసిన పత్రికకై ఎదురుచూచుచు కూర్చుండరాదు. సామాన్య సాహిత్యపత్రికలే ప్రస్తుతము ఆధారము. 1998నుండి అంతర్జాలమున వెలువడుచున్న ఈమాట వంటి పత్రికలకు ఊరితో, రాష్ట్రముతో నిమిత్తము లేదు. పరప్రాంతపు తెలుగువారికి ఇది గొప్ప సౌకర్యము. పంపునపుడు కవిత వైజ్ఞానికమని చెప్పుకొన పనిలేదు. కవితగా నిలిచినచో చాలును.

త్రోవ లేనపుడు త్రోవ వేసికొనుట తెలుగువారికి పరిపాటియే. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో ఆరంభించిరి. 1924లో వారు స్థాపించిన భారతి మద్రాసునుండి వెలువడి 1991వఱకు నడచినది. 1947లో చందమామ పుట్టినదియు మద్రాసులోనే. నేడు ఇతరరాష్ట్రములుగా ఉన్నచోటులనుండియే తెలుగు రచనకు ఇన్ని ద్వారములు తెఱవబడినవి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదముతో బదులీయలేదు. 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. సంచికయే సమాధానమైనది.

పోటీయు ఒక ప్రకటన మార్గమే. మరాఠీ విజ్ఞాన పరిషత్తు నిర్వహించిన కథలపోటీకి 1974లో ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ మాఱుపేరుతో కథ పంపి బహుమానమందెను. తన కీర్తినిబట్టి గాక కథనుబట్టియే తీర్పు జరుగవలెనని ఆయన కోరిక. పేర్లు తొలగించి కవితలను పరీక్షించు పోటీని ఏ తెలుగుసంఘమైనను జరుపవచ్చును. దీనికి గొప్ప ధనము అక్కఱలేదు.

అమెరికాలోని ఆ కవులు సంఖ్యలో కొద్దివారు, దూరదూరముల చెదరియున్నవారు. పరప్రాంతపు తెలుగువారి స్థితియు అట్టిదే. వారు చేసినది ఒక జాబితా, ఒక చిన్న పత్రిక, ఏటేటా ఒక ఎంపిక, ఇంతియే. ప్రతి తెలుగుసంఘమును తన వార్షిక సంచికయందు నాలుగు పుటలను రానున్న కాలమును ఊహించు కవితలకు కేటాయించి, వానిలో మేలైనదానిని ఇంగ్లీషునకో, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలో ఒకదానికో అనువదింపజేసినచో, విద్యార్థి నోటుపుస్తకములోని గేయమునకు మొదటి మెట్టు దొరకును. పై మెట్టులను అది తానే వెదకికొనగలదు.