వకీలు చదువు, తెలుగు కొలువు: సురవరం ప్రతాపరెడ్డి



మన సంగారెడ్డి నుండి జోగిపేటకు బస్సులో వెళ్లి వచ్చేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. 1930 మార్చిలో ఆ ఊళ్లోనే నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు.

ఆయన 1896 మే 28న, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించారు. బి.ఎ., బి.ఎల్. చదివి వకీలు అయ్యారు. ఆ రోజుల్లో కోర్టు కాగితాలు ఉర్దూలో, పెద్ద చదువు ఉర్దూలో ఉండేవి. తెలుగు తప్ప మరో భాష రాని రైతు, అందులో ఏం రాసి ఉందో తెలియకుండానే వేలిముద్ర వేయాల్సి వచ్చేది. (పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనికి చేరే మన అన్నలు ఇంగ్లీషు ఫారాల మీద చేసే సంతకాలు ఇక్కడ గుర్తుకు రాక మానవు.) 1921లో హైదరాబాదులో ఒక సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది.

ప్రతాపరెడ్డి గారికి ఉర్దూ మీద కోపం లేదు. ఉర్దూ, పారసీ, సంస్కృతం బాగా వచ్చినవారు. వకాలతు పక్కన పెట్టి 1926 మే 10న 'గోలకొండ పత్రిక' ప్రారంభించారు. రాయడం, ప్రూఫులు దిద్దడం అన్నీ తానే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే ఆయన తిట్టలేదు. ఊరూరి నుండి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. కేసులో సాక్షులను వరుసగా నిలబెట్టినట్టు! నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

ఆయన మనలాంటి హాస్టల్ బాధ్యత కూడా మోశారు. హైదరాబాదు రెడ్డి హాస్టల్‌కు కార్యదర్శిగా ఉండి అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు.

జోగిపేట సభ గురించి ఒక చేదు సంగతీ చెప్పాలి. దళిత నాయకులు భాగ్యరెడ్డివర్మ గారు మాట్లాడటానికి అక్కడ కొందరు సనాతనులు అభ్యంతరం చెప్పారు. తమ భాషకు గౌరవం అడగడానికి వచ్చినవాళ్లే తోటి తెలుగువాడి నోరు మూయబోయారు. సభల చరిత్ర రాసేటప్పుడు ఈ మాట వదిలేయకూడదు.

ప్రతాపరెడ్డి గారు 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న మరణించారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. అందుకోవడానికి ఆయన లేరు.

ఇక కోర్టు భాష సంగతి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు పని ఇంగ్లీషులోనే నడుస్తుంది. తెలంగాణ హైకోర్టు తొలిసారి తెలుగులో తీర్పు వెలువరించింది 2023 జూన్‌లో, ఒక ఆస్తి తగాదాలో.