ఏ దూరానికి ఏ బాణం?

18 మీటర్ల ఇండోర్ పోటీలో కాంపౌండ్ విల్లు పట్టినవారికి పది పాయింట్లు రావాలంటే 2 సెంటీమీటర్ల వలయంలో బాణం దిగాలి. అంచు గీతను తాకినా పదే ఇస్తారు. అందుకే అక్కడ లావు బాణానిదే పైచేయి. 9.1 మిల్లీమీటర్ల బాణమైతే దాని నడిమి బిందువు 29.1 మి.మీ. వ్యాసంలో ఎక్కడ పడినా పది ఖాయం. 5.5 మి.మీ. సన్న బాణానికి ఆ వెసులుబాటు 25.5 మి.మీ. వరకే. వైశాల్యం లెక్కన లావు బాణానికి 30 శాతం ఎక్కువ చోటు దొరికినట్టు.

ఇదే లెక్క ఆరుబయట వేస్తే తేలిపోతుంది. వెన్నం జ్యోతి సురేఖ ఆడే 50 మీటర్ల కాంపౌండ్ పోటీలో పది వలయం 8 సెం.మీ.; లాభం 9 శాతం. బొమ్మదేవర ధీరజ్ ఆడే 70 మీటర్ల రికర్వ్‌లో అది 12.2 సెం.మీ.; లాభం 6 శాతమే. పైగా గాలి ఒకటి. పక్కగాలికి లావు బాణం 65 శాతం ఎక్కువ ఒళ్లు అప్పగిస్తుంది. సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్లే రికర్వ్ బాణం లక్ష్యం చేరేలోపు సెకనుకు పైగా ఆ గాలిలోనే ఉండాలి. అందుకే బయట సన్న బాణం, లోపల లావు బాణం. ఏ పదార్థం అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వెతకాలి.

లావుకు అల్యూమినియం, సన్నదనానికి కార్బన్

అల్యూమినియం షాఫ్ట్ మీద 2315 అని ఉంటే మొదటి రెండంకెలు వ్యాసం: అంగుళంలో 64వ వంతులు 23, అంటే 9.1 మి.మీ. చివరి రెండు గొట్టం గోడ మందం: అంగుళంలో వెయ్యో వంతులు 15. వరల్డ్ ఆర్చరీ అనుమతించే గరిష్ఠ వ్యాసం 9.3 మి.మీ. కనుక ఇది ఇండోర్‌కు సరిగ్గా సరిపోతుంది. 29 అంగుళాల ఖాళీ షాఫ్టే సుమారు 22 గ్రాములు తూగుతుంది. గాలి లేని 18 మీటర్లకు ఆ బరువు అడ్డం కాదు.

కార్బన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములు, అల్యూమినియానిది 2.8. బరువు తక్కువ, బిగువు ఎక్కువ కావడంతో కార్బన్ షాఫ్ట్‌ను సన్నగా చేసినా వంగిపోదు. 70 మీటర్ల కోసం ఈ రెండింటినీ కలిపారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి వచ్చిన ఈస్టన్ ఎక్స్10లో పల్చటి అల్యూమినియం గొట్టం చుట్టూ కార్బన్ ఉంటుంది. సన్నగా ఉంటూనే గాలికి తొణకనంత బరువు దీనికుంది.

అన్నిటికన్నా ముందు స్పైన్

పదార్థం ఏదైనా విల్లుకు తగిన బిగువు లేకపోతే బాణం పక్కకు పోతుంది. ఆ బిగువు కొలతే స్పైన్. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం కుంగితే స్పైన్ 500, 0.350 అంగుళం కుంగితే 350. అంకె పెరిగేకొద్దీ షాఫ్ట్ మెత్తన. విల్లు బలం పెరిగినా, బాణం పొడవు పెరిగినా చిన్న అంకె వైపు జరగాలి.

మరీ తేలిక బాణం కూడా పనికిరాదు. విల్లు బలం ప్రతి పౌనుకు కనీసం 5 గ్రెయిన్ల బాణం బరువు ఉండాలన్నది వాడుకలో ఉన్న హద్దు. 60 పౌన్ల విల్లుకు 300 గ్రెయిన్లు, అంటే 19.4 గ్రాములు. అంతకన్నా తగ్గితే బాణం తీసుకోని శక్తి విల్లు మీదే పడుతుంది.

వేటలో లెక్క మారుతుంది

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అమెరికా, కెనడాలలో మాత్రం అనుమతితో విల్లువేట సాగుతుంది. అక్కడ పాయింట్ల గీతలుండవు. ములికి లోతుగా దిగాలి. 22.7 గ్రాముల బాణం సెకనుకు 91.4 మీటర్ల వేగంతో వెళ్లినా, 32.4 గ్రాములది 76.5 మీటర్ల వేగంతో వెళ్లినా శక్తి ఒక్కటే: దాదాపు 95 జౌళ్లు. కానీ ద్రవ్యవేగం మొదటిదానికి 2.07, రెండోదానికి 2.48. 20 శాతం ఎక్కువ కనుక బరువు బాణాన్ని ఆపడం కష్టం.

దానికి మూల్యమూ ఉంది. గాలి నిరోధం పక్కన పెడితే, 30 మీటర్లు వెళ్లేసరికి తేలిక బాణం 53 సెం.మీ. కిందికి దిగితే బరువుది 75 సెం.మీ. దిగుతుంది. దూరం అంచనా తప్పితే బరువు బాణంతోనే గురి ఎక్కువ తప్పుతుంది. అందుకే వేటగాళ్లు కార్బన్ షాఫ్ట్ తీసుకుని, మిగిలిన బరువును ములికి వైపు పెడతారు.

కొనేవారికి

నేర్చుకునేవారికి అల్యూమినియం నయం. వంగితే అరచేతిలో తిప్పినా తెలిసిపోతుంది, కొంతవరకు సరిచేయవచ్చు. కార్బన్ వంగి ఉండిపోదు. పగిలితే పగుళ్లు పైకి కనిపించకపోవచ్చు. దేనికైనా తగిలిన ప్రతిసారీ రెండు కొసలూ పట్టుకుని, ముఖానికి దూరంగా మెల్లగా వంచి, తిప్పి చూడాలి. చిటపటమన్న షాఫ్ట్‌ను మళ్లీ నారికి ఎక్కించకూడదు. వదిలేటప్పుడు విరిగితే చీలిక చేతిలోకే దిగుతుంది. ఏది కొన్నా ముందు దూరం, తర్వాత స్పైన్, ఆపైన బరువు చూడండి. ఈ మూడూ తేలాక పదార్థం ఎంచుకోవడం పెద్ద పని కాదు.