అమితము: ఒక మాట, దాని కొలత

“అమితము” అను మాటను మనవారు రెండు విధముల వాడుదురు. ప్రేమ అమితమైనచో మెచ్చుకొందురు. ఆహారము అమితమైనచో మందలింతురు. మేరలేని కాంతి గలవాడను భావముతో బౌద్ధులు ఒక బుద్ధునకు అమితాభుడని పేరిడిరి. ఒకే మాట ఒకచోట స్తుతియు, వేరొకచోట నిందయు అగుటకు కారణము దాని పుట్టుకలోనే కలదు. సంస్కృతమున “మా” అను ధాతువునకు కొలుచుట యని అర్థము. కొలువబడినది మితము, కొలువబడనిది అమితము. మితమనగా కొంచెమనియు, అమితమనగా మిక్కిలి యనియు చెప్పుట తరువాతి వాడుక. వైద్యుడు “మితముగా భుజింపుము” అనినంతనే, తన్ను పస్తుండుమనుచున్నాడని రోగి నొచ్చుకొనుటకు ఈ వాడుకయే హేతువు.

చరకసంహిత సూత్రస్థానమున అయిదవ అధ్యాయమునకు మాత్రాశితీయమని పేరు. మాత్ర యనగా పరిమాణము. అదియు ఈ ధాతువునుండి వచ్చినదే. ఎవరికెంత ఆహారము మాత్రయో వారి జఠరాగ్నిబలమునుబట్టి తెలియవలెనని అందు చెప్పబడినది. నేడు మాత్ర యన్నచో మందుల దుకాణములోని బిళ్ళయే మనకు స్ఫురించును. అన్నమునకు చెందిన మాట మందునకు మిగిలినది!

కొలతలతో బ్రదుకు ఊరు టాటానగరము. రైలు స్టేషనుకు ఆ పేరు. పట్టణమునకు 1919నుండి జంషెడ్‌పూరని పేరు. ఇచ్చటి కర్మాగారమున 1912లో మొదటి ఉక్కుదిమ్మ పోతపోయబడెను. 8 గంటల పనిదినము కూడ ఆ సంవత్సరమే అమలునకు వచ్చెను. అనగా శ్రమకు సైతము ఒక మితి ఏర్పడెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు పెక్కురు కదమ, సోనారి, బిష్టుపూరు మొదలగు పేటలలో స్థిరపడిరి. కరగిన ఉక్కు వేడిమి రమారమి 1,600 డిగ్రీల సెంటిగ్రేడు. కొలిమికడ దానిని డిగ్రీలతో కొలుచు చేయి ఇంట కంచముకడ కొలువదు. తెలుగు వంట పుస్తకములు చూడుడు: పప్పునకు లెక్క యుండును, నూనెకు లెక్క యుండును, ఉప్పునకు మాత్రము “తగినంత” అని యుండును. ఎవరికి తగినంత? నాలుకకు. నాలుకయో, అలవాటునకు దాసి.

కొలిమికడ పనిచేయువాని దేహమునుండి చెమటతోపాటు ఉప్పును పోవును. అందుచే పూర్వము కొన్ని దేశముల ఉక్కు కర్మాగారములలో పనివారికి ఉప్పు బిళ్ళలు పంచెడివారు. వేళకు భోజనము చేయువారిలో అధికులకు ఆ భోజనములోని ఉప్పే చాలుననియు, వైద్యుని సలహా లేక బిళ్ళలు వాడరాదనియు నేటి నిపుణుల మతము. ఎండలోను, వేడిలోను పనిచేయువారు 15–20 నిమిషముల కొకసారి గ్లాసెడు నీరు త్రాగవలెను. గంటకు సుమారు 1.4 లీటర్లకు మించరాదు. మించినచో రక్తములోని ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును. నీరును అమితము కాగలదు.

ఇంతకన్న చిక్కైనది పని విరమించినవారి సంగతి. వారికి చెమట తగ్గును గాని ఆవకాయ, ఉప్పుచేప, ఊరమిరపకాయ, అప్పడము తగ్గవు. నాటి “తగినంత” నేడు తగదు. పెద్దవారికి దినమునకు ఉప్పు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇది ఒక చిన్న చెంచాకు మించదు. ఊరగాయలలోనిదియు, అంగడి చిరుతిండ్లలోనిదియు ఇందులో చేరినదే. మన దేశమున వాడుక దాదాపు దీనికి రెట్టింపు. రక్తపుపోటు వేర్వేరు దినములలో కొలిచినప్పుడు 140/90 గాని అంతకు మించి గాని యున్నచో అది అధికమని ఎంచుదురు. పక్షవాతము వచ్చువరకు దానికి నొప్పి యుండకపోవచ్చును, గుర్తు కనబడకపోవచ్చును. కొలిచిననే తెలియును.

దగ్గునకు వాడు అతిమధురము పేరులోనే “అతి” కలదు. దానిని మిక్కిలిగా, బహుకాలము సేవించినచో దేహమున పొటాసియము తగ్గి రక్తపుపోటు హెచ్చును. పోటు గలవారు వైద్యునడుగక దానిని తినరాదు.

ఇంటి ఉప్పు లెక్క తెలియుటకు త్రాసు అక్కరలేదు. నలుగురు పెద్దవారున్న ఇంట దినమునకు 20 గ్రాములు, అనగా కిలో పొట్లము 50 దినములు రావలెను. పొట్లము విప్పిన తేదీని దానిపై వ్రాసియుంచి, అది ఎన్నాళ్ళకు నిండుకొనునో చూడవలెను. 25 దినములకే నిండుకొన్నచో, ఊరగాయ జాడీ సంగతి విడిచినను, ఆ ఇంట ఉప్పు రెట్టింపగుచున్నది.