గుండె మారిన బండి

పూణే నుండి మచిలీపట్నము వరకు సాగు 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాదు, సంగారెడ్డి, పటాన్‌చెరులను ఒక దారమున గ్రుచ్చినట్లు కలుపుచున్నది. ఆ దారిమీద లారీల వరుస పగలనక రేయనక తెగదు. దారి ప్రక్క షెడ్లలో, బండి దగ్గరకు రాకమునుపే చప్పుడు విని దాని జబ్బు చెప్పగల మెకానిక్కులు కలరు. డీజిలు ఇంజనును గూర్చి నేర్చుకొనుటకు ఇంతకన్న తగిన పాఠశాల దొరకుట అరుదు.

ఆ పాఠశాలలో అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఒకరివద్ద పాత పెట్రోలు వ్యాను ఉన్నదనుకొందము. లోపల పడక, పొయ్యి, నీటితొట్టి అమర్చి దానిని చక్రములమీది యిల్లుగా చేసికొన్నారు. ఇప్పుడు దాని ఇంజను అరిగిపోయినది. ఆ స్థానమున డీజిలు ఇంజనును ఇంటి పెరటిలోనే బిగించుకొనవచ్చునా?

ఈ కోరిక క్రొత్తది కాదు. 1973లో ప్రపంచమున చమురు ధర ఒక్కసారిగా పెరిగిన పిమ్మట, మన దేశమున పెట్రోలు బండ్లకు డీజిలు ఇంజన్లు అమర్చుట షెడ్డు పనివారికి పరిచితమైన పనియే అయినది. 1980 ప్రాంతమున అంబాసిడరు కారు సైతము డీజిలు ఇంజనుతో వెలువడినది. ఆ దశకముననే జహీరాబాదులో ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ సహకారముతో తేలికరకపు లారీలను తయారు చేసెను. 1989లో ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి వచ్చినది. పెట్రోలుకన్న డీజిలు చాల చౌకగా దొరకిన ఆ కాలమున ఇంజను మార్పిడి యనగా పొదుపు.

సైకిలు చక్రమునకు గాలి కొట్టిన ప్రతి విద్యార్థికిని డీజిలు సూత్రము సగము తెలిసినట్లే. పంపు అడుగుభాగము వేడెక్కును; గాలిని నొక్కినచో అది వేడెక్కును గదా! పాత పెట్రోలు ఇంజను గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి సుమారు ఎనిమిదవ వంతుకు నొక్కి, విద్యుత్తు నిప్పురవ్వతో మండించును. డీజిలు ఇంజను ఒట్టి గాలిని రమారమి ఇరువదవ వంతుకు నొక్కును. ఆ గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కగా, అందులోనికి చిమ్మిన నూనె తనంతట తానే అంటుకొనును. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో పరీక్షకు నిలిపిన యంత్రము, ఇంధనపు శక్తిలో నాలుగవ వంతుకు పైగా పనిగా మార్చినది. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఈ జాతి ఇంజనొకటి వేరుసెనగ నూనెతో నడచినది. ఆ వేరుసెనగ మీదనే నేడు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనలు చేయుచున్నది.

అంత ఒత్తిడిని ఓర్చుటకు డీజిలు ఇంజను బరువుగా ఉండక తప్పదు. కావున పాత కమానులు క్రుంగును. అదురు ఎక్కువ గనుక ఇంజను క్రింది రబ్బరు దిమ్మలు మార్చవలెను. పాతరకపు డీజిలు ఇంజను తక్కువ వేగముననే ఎక్కువ బలము నిచ్చును గాని, పెట్రోలు ఇంజనంత వడిగా తిరుగదు. గేర్ల నిష్పత్తి సరిపడనిచో మోత మిగులును, నడక మిగులదు. స్టార్టరు, బ్యాటరీ పెద్దవి కావలెను. ట్యాంకులో పెట్రోలు మిగిలియున్నచో, నూనెజిడ్డు వలననే అరగక నిలుచు డీజిలు పంపు చెడిపోవును. నిప్పురవ్వను ఆపినంత మాత్రమున ఈ ఇంజను ఆగదు, నూనెనే ఆపవలెను. ఇంజను వెనుక ఉండి గాలితో చల్లబడు పాత వోక్స్‌వాగన్ వ్యానులకైతే, రేడియేటరును, దానికి పొడవాటి నీటిగొట్టములను క్రొత్తగా అమర్చవలసి యుండును.

వీటన్నిటికన్న కంటికి కానరానిది బ్రేకు. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుచోట పాక్షిక శూన్యము ఏర్పడును. పాదమునకు బలము చేకూర్చు సాధనమున్న బండ్లలో బ్రేకు దానినే వాడుకొనును. డీజిలు ఇంజనులో సాధారణముగా గాలిదారికి అడ్డుతలుపు ఉండదు; అట్టి శూన్యమును పుట్టించుటకు వేరే పంపు కావలెను. అది మరచినవాని బండి ముంగిట చక్కగానే కదలును. రహదారి మీద, ముందున్న లారీ హఠాత్తుగా నిలిచినప్పుడు, ఆగవలసినంతలో ఆగదు.

చట్టము అడుగు ప్రశ్నయు ఇట్టిదే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రములోని వివరములు నిర్మాత నిర్ణయించిన రూపమునకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని దృఢపరచినది. వేరు ఇంధనమునకు మార్చుటకు వెసులుబాటు కలదు గాని, అది ప్రభుత్వము విధించిన షరతులకు లోబడినది. కావున పానా పట్టుటకు ముందే రవాణా కార్యాలయపు గడప త్రొక్కుట మేలు.

వెనుకటి పొదుపు లెక్కయు మారినది. 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగినది. అంతకు రెండేండ్ల ముందే, 2012లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, డీజిలు పొగ మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ణయించినది. పొగగొట్టపు అతుకు వదులైనచో ఆ పొగ మొదట చేరునది బండిలో నిదురించువారి ఊపిరిలోనికే, పిదప వీథిలోనివారికి. పరిశ్రమల వ్యర్థములతో నక్కవాగు నీరు చెడుటను చూచిన పటాన్‌చెరు ప్రాంతమునకు, ఒకరి లాభపు వెల మరియొకరి మీద పడునను మాట విడమరచి చెప్పనక్కరలేదు.

పాత బండిని తుక్కుకు త్రోయక బ్రతికించుకొనవలెనను కోరిక మంచిదే. దానికి చేతి నేర్పొక్కటే చాలదు. అనుమతి పొంది, పని ముగించిన పిమ్మట చేయదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. ఇంజను ఆపి, బ్రేకును నాలుగైదు మారులు త్రొక్కి, పాదమును అట్లే ఉంచి ఇంజను నడిపింపవలెను. పాదము క్రింద పెడలు కొంచెము దిగినచో బ్రేకునకు సాయము అందుచున్నట్లు. దిగనిచో, ఇంజను ఎంత చక్కగా మ్రోగినను, ఆ బండి పెరడు దాటరాదు.